ఇరవై రెండు పెట్టెలు, రెండు రంగులు

"నెలాఖరుకల్లా ఈ-వేస్టంతా బయటికి పంపించేస్తాను సార్," అని మా మేనేజర్ మేడమ్ ఫోన్లో పై ఆఫీసుకు మాటిస్తున్న సమయానికి, టీ కప్పులు తీయడానికి వెళ్ళిన అటెండర్ ఆ గదిలోనే ఉన్నాడు. మేడమ్ నోట్లో ఉన్నంతసేపూ ఈ-వేస్టు ఒకటే మాట. పనికిరాని కరెంటు సామాను అని దాని అర్థం. అటెండర్ చెవిలో దూరేసరికి అది రెండు మాటలై కూర్చుంది. ఈ వేస్టు. అంటే, ఈ పనికిమాలిన సరుకు. అంటే, మేము.

మా అటెండర్‌ని ఆఫీసంతా రేడియో అంటుంది. స్టేషను దొరకడమే ఆలస్యం, ప్రసారం మొదలైపోతుంది. పది నిమిషాల్లో మూడు అంతస్తులకూ వార్త పాకింది.

"నెలాఖరుకట. అందర్నీ బయటికి పంపేస్తారట. నా చెవులతో నేను విన్నాను."

"నీ చెవులతో కాక మా చెవులతో వింటావా? మేడమ్ ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాను.

"ఈ వేస్టంతా అన్నారు బాబాయ్."

"పేర్లు చెప్పారా?"

"వేస్టుకి పేర్లెందుకు?"

రికార్డుల సెక్షన్ పెద్దాయన కుర్చీలోంచి సగం లేచి, లేవాలో కూర్చోవాలో తేలక ఆ సగంలోనే ఉండిపోయాడు. టైపిస్టమ్మ సొరుగు తెరిచి దువ్వెన, అద్దం, సగం తిన్న బిస్కెట్ల పొట్లం సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు మూలనున్న టెలిఫోన్ ఆపరేటర్ చెవుల మీది హెడ్‌ఫోను తీసి నవ్వింది.

"ఈ-వేస్టు అంటే మనుషులు కాదయ్యా, మిషన్లు. ఆ ఆర్డరు వచ్చి వారమైంది. నేను చదివాను. పాత కంప్యూటర్లు, ప్రింటర్లు, ఫ్యాన్లు పంపేస్తారట. రేడియోల సంగతి అందులో లేదుగానీ, నువ్వెందుకైనా మంచిది, మేడమ్‌ని ఒకసారి అడుగు."

రికార్డులాయన మిగతా సగం కూర్చున్నాడు. టైపిస్టమ్మ బిస్కెట్లు బయటికి తీసింది. గండం గడిచింది గనక తలా ఒకటి పంచింది కూడా.

మాది నీళ్ళ ఆఫీసు. కొళాయిల్లో నీళ్ళొచ్చినా రాకపోయినా మా ఫోనుకు తిట్లు మాత్రం ధారగా వస్తాయి. నేను స్టోర్ కీపర్ని. నా దగ్గర స్టోరుకీ కొదవ లేదు, స్టోరీలకీ కొదవ లేదు. ఆ తిట్లన్నీ ముందుగా వినేది ఆపరేటర్. ఆఫీసులో అందరూ ఆవిడని వదిన అంటారు. నాకు మాత్రం అసలు సిసలు వదిన, మా అన్నయ్య భార్య. ఆ నెలాఖరుకి ఆవిడ రిటైర్మెంటు.

'నేను చదివాను' అన్నదే, ఆ వదినకు పుట్టుకతో చూపు లేదు. చదివేది ఆవిడ కంప్యూటరు. తెర మీద అక్షరం కనపడితే చాలు, అది పైకి చదివి వినిపిస్తుంది. పదకొండేళ్ళ క్రితం కొత్తగా వచ్చినప్పుడు దాని తెలుగు వింటే ఎవరికైనా జ్వరం వచ్చేది. కొళాయిని కోలాయి అనేది. గుంటని గుంట్ట అనేది. వీధుల పేర్లయితే నలిపి ఉండలు చుట్టి మొహాన కొట్టేది. వదిన ఊరుకోలేదు. దానికి ఏ మాట ఎలా పలకాలో నేర్పే ఏర్పాటేదో ఉందని కనిపెట్టి, భోజనాల విరామంలో కూర్చుని రోజూ నాలుగు మాటలు, ఐదు మాటలు నేర్పుతూ పోయింది. అలా పదకొండేళ్ళు. ఇప్పుడది మాట్లాడితే మా పక్కింటావిడ మాట్లాడినట్టే ఉంటుంది, కాకపోతే అప్పు అడగదు.

ఆ మాటల జాబితా ఆ పెట్టెలోనే ఉంది. కొత్తగా వచ్చిన కంప్యూటర్లలోకి అది ఎక్కదని మా కంప్యూటర్ సెక్షన్ వాళ్ళు చేతులెత్తేశారు. ఎక్కించే దారి లేదా అని వదిన అడిగినప్పుడల్లా "రేపు చూద్దామండీ" అనేవాళ్ళు. చివరికి మేనేజర్ మేడమే తేల్చేసింది. "పెట్టె పాతదే కదా. ఎలాగూ ఇంకొకరికి పనికొచ్చేవి ఇచ్చెయ్యమన్నారు. వదిన గారికే ఇచ్చేద్దాం, ఇంటికి తీసుకెళ్తారు."

ఆ రోజు వదిన మొహం చూడాలి. ఇంటికొచ్చాక అన్నయ్యతో, నాతో ఒకే మాట అంది.

"నవలలు చదువుతాను. పెళ్ళైనప్పటి నుంచీ మిమ్మల్ని 'కాస్త చదివిపెట్టండి' అని అడుగుతూనే ఉన్నాను. మీ అన్నయ్య మూడో పేజీలో గురక పెడతారు. నువ్వేమో లేని డైలాగులు కలిపి చదువుతావు. ఇన్నేళ్ళలో ఒక్క పుస్తకం కూడా రాసినవాళ్ళు రాసినట్టు వినలేదు నేను."

కలిపిన మాట నిజం. బాగుండేవి కూడా.

*

స్టోరు గది ఖాళీ చేసే పని నా నెత్తిన పడింది. తలుపు తెరిస్తే ఒక తరం సామాను. ప్రింటు తీయమంటే పళ్ళు నూరే ప్రింటర్లు. తోకలు తెగిన మౌసులు. కీలు ఊడి, కీళ్ళనొప్పులు మాత్రం మిగిలిన కీబోర్డులు. ప్లగ్గు పెట్టినా సిగ్గు లేకుండా నిద్రపోయే మానిటర్లు. వీటి మధ్య, వదిన టేబులు మీంచి దింపిన పెట్టెతో కలిపి, ఇరవై రెండు కంప్యూటర్లు. అన్నీ ఒకే కంపెనీ, ఒకే బూడిద రంగు, ఒకే కాన్పులో పుట్టినట్టు ఉంటాయి.

ఇదివరకైతే తూకానికి అమ్మేసి చేతులు దులుపుకునేవాళ్ళం. కొన్నవాడు ఊరి చివర వైర్లు కాల్చి రాగి తీసుకునేవాడు, మిగతాది గోతిలో పారేసేవాడు. ఆ గోతిలోది భూమిలోకి, భూమిలోంచి మా పైపుల్లోకి. నీళ్ళ ఆఫీసువాళ్ళమే నీళ్ళు పాడుచేసి, నీళ్ళు బాగాలేవని వచ్చిన ఫోన్లకు మేమే జవాబు చెప్పడం ఏం బాగుంటుంది? అందుకే ఈసారి పై ఆఫీసు ఆర్డరు గట్టిగా వచ్చింది. పనిచేసేవి అవసరమున్న చోటికి ఇవ్వాలి. పనిచేయనివి, లైసెన్సున్న వర్క్‌షాపులో విప్పి, ఏ లోహం ఆ లోహంగా వేరుచేయించాలి. జనం చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్న డిస్కులు ఎవరి చేతిలోనూ పడకూడదు. డిస్కు అంటే రిస్కు అని కింద నేను పెన్సిల్‌తో రాసుకున్నాను.

కంప్యూటర్ సెక్షన్ వాళ్ళు ఇరవై రెండింటికీ పరీక్ష పెట్టారు. పదమూడు పాసు, తొమ్మిది ఫెయిలు. పాసైన వాటిలో జనం వివరాలన్నీ అక్కడే శుభ్రంగా తుడిచేశారు. వదిన పెట్టెలో మాత్రం ఆమె మాటల జాబితా ఉంచారు. ఫెయిలైన తొమ్మిదీ అసలు కళ్ళే తెరవలేదు గనక వాటిని తుడవడం కుదరలేదు. వాటి డిస్కులకు వర్క్‌షాపులో డ్రిల్లుతో చిల్లు పొడవాలి. పాసైనవాటిలో పన్నెండు ఒక ప్రభుత్వ బడికి. పదమూడోది వదినది, వర్క్‌షాపు మేస్త్రి దానికి కొత్త ఫ్యాను బిగించి ఇంటికి చేర్చాలి.

ఏది ఏదో తెలిసేలా చీటీలు అంటించింది నేనే. ఆకుపచ్చ చీటీ బాగున్నదానికి, ఎర్ర చీటీ పోయినదానికి. ఇందులో ఆలోచించడానికి ఏముంది? రోడ్డు మీద ఆకుపచ్చ అంటే పద, ఎరుపు అంటే ఆగు. మేస్త్రికి ఉత్తరం కూడా నేనే రాశాను. 'పరీక్షలన్నీ మేమే చేశాం, మళ్ళీ చేయనక్కర్లేదు. బతికున్నవి దారిలో బడికి దింపండి, పోయినవాటి డిస్కులకు చిల్లు పెట్టండి. ఏవి ఏవో చీటీల రంగులు చూస్తే మీకే తెలుస్తుంది. కరెంటు మనిషికి రంగుల గురించి చెప్పేదేముంది?' ఆ చివరి వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, వదిన పెట్టె ఫ్యాను సంగతి కూడా మరిచి అక్కడే ఆపేశాను. రంగు అర్థం రాసే చోట రంగు పులిమాను.

గురువారం పొద్దున మేస్త్రి వ్యాను వచ్చి అన్నీ ఎక్కించుకుపోయింది. వదిన తన పెట్టెను గుమ్మం దాకా చేత్తో తడుముతూ సాగనంపింది.

"వారంలో వచ్చేస్తుంది వదినా, పుట్టింటికి పంపినట్టు దిగులెందుకు?" అన్నాను.

"పుట్టింటికైతే దిగులెందుకు, నువ్వు పంపిస్తున్నావని దిగులు," అంది.

*

ఆ మధ్యాహ్నమే ఫోను మోగింది. వదిన ఎత్తింది. బడి హెడ్‌మిస్ట్రెస్ గొంతు నెమ్మదైనదే అయినా, స్పీకరు మీద ఉండటంతో మా అందరికీ వినిపించింది.

"కంప్యూటర్లు అందాయండీ. చాలా క్రమశిక్షణ గలవి. గంట నుంచి చూస్తున్నాం, ఒక్కటీ నోరు తెరవడం లేదు."

"ఒక్కటీనా? పన్నెండులో ఒక్కటీ వెలగలేదా?" అంది వదిన.

"పన్నెండెక్కడివండీ? తొమ్మిదే దింపారు."

వదిన చెయ్యి ఫోను తీగ మీద ఆగిపోయింది. "మేడమ్, వాటి మీద చీటీలున్నాయి కదా. ఏ రంగు?"

"ఎరుపండీ. అన్నీ ఎర్రవే."

రికార్డులాయన మళ్ళీ కుర్చీలోంచి సగం లేచాడు. వదిన మాత్రం గొంతు మార్చలేదు. "పొరపాటున వచ్చాయి మేడమ్. ఆ గదికి తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. వాటిలో ఊళ్ళోవాళ్ళ వివరాలున్నాయి."

"పలకని వాటికి తాళమెందుకండీ?"

"మన దగ్గర పలకవు. పలికించేవాళ్ళ చేతిలో పడితే అన్నీ చెప్పేస్తాయి."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "మరిదీ, నా పెట్టె మీద నువ్వు అంటించింది ఏ రంగు?"

"ఆకుపచ్చ వదినా."

"ఎర్రవి బడికి వెళ్ళాయంటే, ఆకుపచ్చవి ఎక్కడున్నాయి?"

జవాబు అందరికీ తెలుసు. వర్క్‌షాపులో. డ్రిల్లు కింద.

వర్క్‌షాపుకు ఫోన్ చేశాం. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాం. "ఎత్తరు," అంది వదిన, "డ్రిల్లు నడుస్తుంటే ఫోను వినపడదు." ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. మా టైపిస్టమ్మే తల తిప్పుకుంది.

ఆఫీసు జీపు పైపు పగిలిన చోటికి వెళ్ళింది. నా స్కూటరు రెండు రోజుల నుంచి మెకానిక్కు దగ్గర ఆరోగ్యం కోలుకుంటోంది. వాకిట్లో రేడియో సైకిలు ఒక్కటే ఉంది. నేను దాని మీదికి ఎగిరాను. ఎగిరాను అంటే, మూడో ప్రయత్నంలో ఎక్కాను. వెనక క్యారియరు మీద బరువు పడింది. చూస్తే వదిన.

"నువ్వెందుకు వదినా?"

"అక్కడ ఒకే రకం పెట్టెలు పదమూడు ఉన్నాయి. విప్పేసి ఉంటే నాది ఏదో నువ్వు చెప్పగలవా?"

చెప్పలేను. తొక్కాను. రీసైక్లింగ్ అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది, పాతికేళ్ళ తరవాత మళ్ళీ సైకిలెక్కడం.

"ఎడమ పక్కకి రా, వెనక లారీ," అంది వదిన. వచ్చాను. లారీ వెళ్ళింది.

"నిదానం, ముందు బడి వదిలారు, పిల్లల గోల." నిజమే.

"బెల్లు కొట్టు."

"చెయ్యి తీస్తే పడిపోతాం."

"అయితే నోటితో కొట్టు. నీకు అలవాటే కదా."

రెండు కిలోమీటర్లు నోటితో బెల్లు కొడుతూ, కళ్ళు లేని మనిషి దారి చెబుతుంటే కళ్ళున్నవాణ్ణి నేను తొక్కుతూ పోయాను. ఒక్కచోట కూడా ఎవరినీ గుద్దలేదు. ఒక చెత్తబుట్టను తగిలించాను గానీ, అది చప్పుడు చేయకుండా నిలబడి ఉంది, వదిన తప్పు కాదు.

*

వర్క్‌షాపు పొడుగాటి రేకుల షెడ్డు. ఒక గోడన తీగల చుట్టలు, ఒక గోడన బుట్టల్లో రాగి, అల్యూమినియం, ప్లాస్టిక్కు, దేనికది. మధ్యలో ఇనుప బల్ల. బల్ల మీద డ్రిల్లు గీపెడుతోంది. దాని వెనక మేస్త్రి, తెల్ల జుట్టు, కళ్ళద్దాలు, చేతులకు గ్లవ్సు. నేను అరిచినా వినపడలేదు. అరుపు నా వృత్తిలాంటిది, అయినా ఓడిపోయాను. చివరికి గోడకున్న మెయిన్ స్విచ్చి దించేశాను. డ్రిల్లు మూలిగి ఆగింది.

"ఎవరయ్యా మెయిన్ ముట్టుకున్నది?" అన్నాడు మేస్త్రి. నీళ్ళ ఆఫీసని చెప్పగానే మొహం విప్పారింది. "మీ పనే నడుస్తోంది. బతికున్న తొమ్మిదీ పొద్దున్నే బడిలో దింపేశాను. పోయిన పదమూడూ విప్పేశాను. ఐదు డిస్కులకు చిల్లు పడింది, ఎనిమిది ఉన్నాయి."

"తారుమారైంది మేస్త్రీ. మీరు దింపినవే పోయినవి. ఇవి బాగున్నవి."

"మీరు పెట్టిన చీటీలు చూసే చేశాను," అన్నాడు మేస్త్రి, మొహం ముడుచుకుని. "నేను తప్పు చదవను. నలభై ఏళ్ళ కరెంటు పని నాది."

నేనూ ఏదో అనబోయాను. వదిన చెయ్యి ఎత్తింది.

"తప్పెవరిదో తరవాత చూసుకోండి. మేస్త్రి గారూ, ఆ ఎనిమిదిలో నాది ఉందో లేదో చూడాలి. డిస్కుకి కరెంటిస్తే తిరుగుతుంది కదా, చప్పుడు వస్తుంది కదా?"

"వస్తుంది."

"ఒక్కొక్కటీ తిప్పండి. నేను వింటాను."

మేస్త్రి ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు, తీగలు తగిలించాడు. అగ్గిపెట్టెలు నాలుగు కలిపినంత డిస్కు, ఇనుప బల్ల మీద పెట్టి కరెంటిస్తే సన్నగా కూసి తిరుగుతోంది. వదిన వంగి చెవి పెట్టింది. కాదంది. రెండోది. కాదు. మూడోది కాస్త ఆలోచించి, కాదంది. అలా ఎనిమిదీ అయిపోయాయి. ఎనిమిదీ కాదు.

మేస్త్రి చిల్లు పడ్డ ఐదింటి వైపు చూశాడు. నేనూ చూశాను. ఆ ఐదింటికీ గుండ్రంగా, శ్రద్ధగా, పొరపాటు లేకుండా పొడిచిన చిల్లులు. ఆ క్షణంలో నాకు ఒక్క జోకు కూడా రాలేదు. నా జీవితంలో అది చెప్పుకోదగ్గ సంగతి.

"వదినా," అన్నాను, "నేను చదువుతాను. ఒక్క మాట కలపకుండా చదువుతాను."

"ఆగు," అంది వదిన. బల్ల మీద వేళ్ళతో కొట్టింది. టంగ్‌మని మోగింది. "ఇది ఇనుము కదా. అన్నీ ఇనుము గొంతుతో పాడుతున్నాయి. నా టేబులు చెక్కది. పదకొండేళ్ళు చెక్క మీద విన్నాను దాన్ని. మేస్త్రి గారూ, చెక్క పలక ఏదైనా ఉందా?"

మేస్త్రి ఒక పాత తలుపు చెక్క తెచ్చి బల్ల మీద వేశాడు. మళ్ళీ మొదటి నుంచి. చెక్క మీద పెట్టేసరికి ప్రతిదాని గొంతూ మారింది. నాకే తెలుస్తోంది. మొదటిది కాదు. రెండోది కాదు. మూడోది తిరగడం మొదలుపెట్టగానే ముందు రెండుసార్లు గొంతు సవరించుకున్నట్టు టిక్కు టిక్కు మని, అప్పుడు నెమ్మదిగా ఎత్తుకుంది. వదిన నవ్వింది.

"ఇదే. పొద్దున్నే లేపితే విసుక్కుంటుంది. దీనికి ఓల్డేజీ వచ్చింది మరిదీ."

"వోల్టేజీ ఉన్నంతకాలం ఓల్డేజీ లేదు వదినా," అన్నాను. నా నోరు కూడా మళ్ళీ పనిచేస్తోందని తెలిసి ప్రాణం లేచొచ్చింది.

మేస్త్రి దాన్ని జాగ్రత్తగా ఒక పెట్టెలో బిగించాడు. కొత్త ఫ్యాను పెట్టాడు. స్పీకరు తగిలించాడు. వదిన కీబోర్డు దగ్గరికి లాక్కుని ఒకే ఒక్క మాట కొట్టింది. షెడ్డంతా వినపడేలా పెట్టె పలికింది.

"కొళాయి."

ళ అక్షరం ఎక్కడా జారలేదు. పలుకు పలుకులా ఉంది. వదిన మళ్ళీ కొట్టింది. మళ్ళీ "కొళాయి" అంది. మూడోసారి కూడా పలికించి, అప్పుడు స్టూలు మీద కూర్చుని, పమిట కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే అని ఆవిడే చెప్పింది. మేమెవరం అడగలేదు.

మేస్త్రి ఆ వారంలో తన దగ్గరున్న పాత డిస్కులు ఐదు, వట్టిపోయినవాటికి వేసి పన్నెండు కంప్యూటర్లూ బడికి పంపాడు. తాళం వేసిన తొమ్మిదీ తెచ్చుకుని, ఈసారి చిల్లులు ఎక్కడ పడాలో అక్కడే పొడిచాడు. ఆ చిల్లులు చూడడానికి నేను స్వయంగా వెళ్ళి లెక్కపెట్టాను.

*

మా ఆఫీసులో మాత్రం మాట ఒక్క చోట ఆగలేదు. మేస్త్రిది తప్పని రికార్డులాయన, నాది తప్పని టైపిస్టమ్మ. ఇద్దరూ పరస్పరం చీటీలు మార్చారని రేడియో. మేనేజర్ మేడమ్ మేస్త్రినీ నన్నూ విడివిడిగా, తరవాత కలిపి కూర్చోబెట్టి అడిగి, ఒక నోటు రాసింది. వదిన రిటైర్మెంటు రోజున మీటింగు హాల్లో అందరూ ఉన్నప్పుడు చదివిస్తే ఒక్క దెబ్బకు అందరి అనుమానాలూ తీరుతాయని అనుకుంది. హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని, వదిన పెట్టెతో సహా వచ్చాడు.

"నోటు ఎవరు చదువుతారు?" అంది మేడమ్.

నేను లేవబోయాను. "వద్దు," అంది వదిన, "మరిది చదివితే మేడమ్ రాయనివి కూడా వినాల్సొస్తుంది. నా పెట్టె చదువుతుంది."

అందరికీ నచ్చింది. నోటు పెట్టెలోకి ఎక్కించారు. అది గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"విషయం: కంప్యూటర్లు తారుమారైన సంగతి. కిందటి గురువారం నాడు ఇరవై రెండు కంప్యూటర్లకు తొండి మరిది చీటీలు అంటించారు."

నోట్లో ఉన్నది 'స్టోర్ కీపర్' అని నేను కళ్ళారా చూశాను.

"బాగున్న పదమూడింటినీ రేపు చూద్దాం వారు ముందే తుడిచి ఉంచారు," అంది పెట్టె.

కంప్యూటర్ సెక్షన్ వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక వరసలో నవ్వు మొదలై ముందుకి పాకుతోంది. వదిన లేచి కీబోర్డు వైపు చెయ్యి చాపింది. అందలేదు. నేను పెట్టెను కాస్త పక్కకి జరిపాను. నాకు పడ్డ పేరు అందరికీ పడాలి కదా.

"జరిగిన పొరపాటు వెంటనే వడగాలి దృష్టికి వచ్చింది."

నవ్వు ఠక్కున ఆగింది. మేడమ్ నోటు కాగితం పైకెత్తి చూసుకుంది. "నేను 'మేనేజర్ దృష్టికి' అని రాశానే. వడగాలి ఎవరు?"

వదిన కుర్చీలో కూర్చుంది. "మాటలు నేర్పే రోజుల్లో ఊసుపోక నాలుగు పేర్లు మార్చాను మేడమ్. ఇయర్‌ఫోన్లో నేనొక్కదాన్నే కదా వినేది. ఇలా స్పీకరు మీద చదువుతుందని అప్పుడు అనుకోలేదు, వినీ వినీ అలవాటైపోయి ఇవాళ గుర్తే రాలేదు."

"పదకొండేళ్ళ నుంచీనా?"

"మీరొచ్చింది ఆరేళ్ళ కిందట కదండీ. మీకు ఆరేళ్ళే."

మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. భుజాలు కదులుతున్నాయి. మేమంతా భయపడ్డాం గానీ, నవ్వుతోంది. "చదవనివ్వండి," అంది, "అసలు సంగతి ఇంకా రాలేదు."

పెట్టె చదివింది. "తొండి మరిది రోడ్డు మీది దీపాలను మనసులో పెట్టుకుని, ఆకుపచ్చ అంటే నడిచేది, ఎరుపు అంటే ఆగిపోయినది అనుకున్నారు. మేస్త్రి ఇరవై ఆరేళ్ళు కరెంటు సబ్‌స్టేషన్లో పనిచేశారు. అక్కడ బోర్డు మీద ఎర్ర దీపం వెలిగితే కరెంటు పారుతున్నట్టు, చెయ్యి పెడితే ప్రాణం పోతుంది. ఆకుపచ్చ దీపం వెలిగితే కరెంటు ఆపేసినట్టు, ధైర్యంగా విప్పుకోవచ్చు. అందువల్ల మేస్త్రి ఎర్ర చీటీ చూసి ఇందులో ప్రాణం ఉందనుకున్నారు, ఆకుపచ్చ చీటీ చూసి ఇది చల్లారింది, విప్పవచ్చు అనుకున్నారు. పరీక్షించి చూద్దామంటే, మళ్ళీ పరీక్షించనక్కర్లేదని తొండి మరిది ఉత్తరంలో రాశారు. రంగుల అర్థం మాత్రం రాయలేదు. ఇకమీదట చీటీ మీద ఏ రంగు ఉన్నా, పనిచేస్తుంది, పనిచేయదు అని మాటల్లో రాయాలి. ఇట్లు, వడగాలి."

"అదే నేను చెప్పింది," అన్నాడు రికార్డులాయన. "అది కాదు మీరు చెప్పింది," అంది టైపిస్టమ్మ. రేడియో ఇద్దరికీ మొదటి నుంచి మళ్ళీ వివరించడం మొదలుపెట్టాడు.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "ఇరవై ఆరేళ్ళు ఆకుపచ్చ చూసి చెయ్యి పెట్టాను గనకే ఇవాళ మీ ముందు రెండు చేతులతో ఉన్నాను. రోడ్డు మీద మాత్రం నేనూ ఎరుపు చూసి ఆగుతాను. పెట్టెల దగ్గరికొచ్చేసరికి అది రోడ్డని నాకు తోచలేదు, అంతే."

"నాకు సబ్‌స్టేషనని తోచలేదు," అన్నాను.

హెడ్‌మిస్ట్రెస్ చెయ్యెత్తింది. "మరి మా పిల్లలకు ఏ రంగుకి ఏ అర్థం చెప్పమంటారు?"

"రోడ్డు దాటేటప్పుడు ఆయన చెప్పింది," అన్నాడు మేస్త్రి నన్ను చూపిస్తూ, "కరెంటు బోర్డు దగ్గర నేను చెప్పింది."